నాంపల్లి డాబా మీద ఎర్ర గుడ్డ

గాలి వీస్తే ప్రాణానికి హాయిగా ఉంటుందని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ రోజుల్లో, అంటే హైదరాబాదులో ఇంకా టాంగాలు తిరుగుతూ, నాంపల్లి స్టేషన్ నుంచి ఆబిడ్స్ దాకా నడిచిపోతే దారిలో సగం మంది తెలిసినవాళ్ళే ఎదురయ్యే రోజుల్లో, గాలి అంటే నాకు ఉద్యోగం. తక్కినవాళ్ళు దుమ్ము రేగితే కిటికీలు మూసుకునేవారు. నేను మాత్రం మూడంతస్తుల మేడ ఎక్కి, డాబా మీద నిలబడి, కళ్ళల్లో పడిన దుమ్మును నెల జీతానికి తుడుచుకునేవాణ్ణి. నాకు ముక్కు మీదే కోపమని మా ఇంట్లో అందరూ అంటారు. ఆ కోపం పుట్టుకతో వచ్చింది కాదు. నాంపల్లిలో, ఆషాఢ మాసపు గాలిలో, మా మేనమామ దగ్గర నేర్చుకున్నది. ఎట్లా నేర్చుకున్నానో చెబితే మీరైనా నా పక్షాన ఉంటారని నా ఆశ.

మా మేనమామను చుట్టాలంతా సముద్రం మామ అనేవారు. మెదక్ దగ్గరి మా ఊళ్ళో పుట్టి, మిషను బడిలో చదువుకుని, ఎవరి సిఫార్సుతోనో కోస్తాకు పోయి, అక్కడ సముద్రపుటొడ్డున ఉన్న ఒక పక్షుల కేంద్రంలో కుదిరాడు. ఆ కేంద్రంలో చేసే పని ఏమిటంటే, వల వేసి పక్షిని పట్టుకోవడం, దాని కాలికి అంకె చెక్కిన సన్నటి సత్తు కడియం తొడగడం, మళ్ళీ వదిలేయడం. (పట్టుకున్నదాన్ని వదిలేసినందుకు జీతమిస్తారని విని మా నాయన చాలా రోజులు నవ్వాడు.) ఆ పక్షి ఎక్కడో దూరాన ఎవరికైనా దొరికితే, వాళ్ళు కడియం మీదున్న కోస్తా చిరునామాకు ఒక కార్డు ముక్క రాస్తే, పక్షి ఎక్కడి నుంచి ఎక్కడికి పోయిందో తెలుస్తుంది. మామ ఈ పనిలో జీవితం గడిపేసేవాడే. కానీ ఉప్పుగాలి పడక దగ్గు పట్టుకుంది. సముద్రం వదిలిపెట్టమని డాక్టరు గట్టిగా చెప్పాడు. మామ సముద్రాన్ని వదిలిపెట్టలేదు, వెంట పట్టుకుని హైదరాబాదుకు తెచ్చుకున్నాడు. కోస్తా వాళ్ళను ఒప్పించి, నాంపల్లి స్టేషన్‌కు దగ్గరలో ఒక మేడ డాబాను కిరాయికి తీసుకుని, పక్షుల కేంద్రం శాఖ తెరిచాడు. అందులో సహాయకుడి ఉద్యోగం అక్క కొడుకునని నాకు ఇచ్చాడు. మెట్రిక్ అయిపోయి, మా నాయన దర్జీ దుకాణంలో కూర్చుని చొక్కాలకు కాజాలు కుట్టాల్సిన గండం నెత్తి మీద వేలాడుతున్న నాకు, ఆ ఉద్యోగం దేవుడు పంపినట్టే అనిపించింది. కాజాలు కుట్టడం అంటే నాకు చచ్చేంత అసహ్యం, ఈ ముక్క గుర్తు పెట్టుకోండి.

మామతో పాటు కోస్తా నుంచి వచ్చిన నియమాల పుస్తకం ఒకటి ఉండేది. అది సముద్రపుటొడ్డున పనిచేసేవాళ్ళ కోసం రాసింది. అందులో ఒక్క అక్షరం కూడా మార్చకుండా మామ నాంపల్లిలో అమలు చేశాడు. ఈదురుగాలిలో ఒంటరిగా గట్టు మీదికి పోరాదు, నడుముకు తాడు కట్టుకుని పోవాలి అని ఒక నియమం. కాబట్టి ఆషాఢం వస్తే నా నడుముకు తాడు, ఆ తాడు రెండో కొస నీళ్ళ తొట్టికి. కింద రోడ్డున పోయేవాళ్ళు తలెత్తి చూసి, పాపం, పిచ్చి పిల్లగాణ్ణి కట్టేసిన్రు అనుకునేవారు. ఉప్పుగాలికి ఇనుము తుప్పు పడుతుంది కనుక తక్కెడకు, పటకారుకు, తలుపు బందులకు రోజూ సాయంత్రం కొబ్బరినూనె రాయాలని ఇంకొక నియమం.

"మామా, గీడ ఉప్పుగాలి ఏడిది?" అన్నాను ఒకరోజు విసిగిపోయి.

"ఇయ్యాల లేదు. రేపొస్తే ఏం జేస్తవ్?" అన్నాడు మామ.

ఆ నూనె వాసనకు చీమలు వచ్చేవి, చీమలను తుడవడం మళ్ళీ నా పనే. అన్నిటికంటే నా పరువు తీసిన నియమం మాత్రం గంటకొకసారి సముద్రం వైపు చూడటం. కోస్తాలో సముద్రం తూర్పున ఉంటుంది కాబట్టి మేము తూర్పు పిట్టగోడ దగ్గర నిలబడి దుర్భిణి పెట్టి చూడాలి. నాంపల్లిలో మా తూర్పు పిట్టగోడ కింద ఒక పెద్ద వాకిలి, ఆ వాకిట్లో చాకలి వాళ్ళు ఆరేసిన చీరలు, ఆ చీరల మధ్య ఒక ముసలవ్వ. ఆ అవ్వ కొన్నాళ్ళు ఓపిక పట్టి, చివరికి నడుము మీద చేయి పెట్టుకుని పైకి చూస్తూ అడిగింది.

"ఏందిరా బిడ్డా, పొద్దంత గా గొట్టం పెట్టుకోని జూస్తున్నవ్? గీడ ఏమున్నది?"

నేను నోరు తెరిచేలోపు మామ వెనక నుంచి గంభీరంగా, "సముద్రం, అవ్వా," అన్నాడు. అవ్వ మమ్మల్ని ఏమీ అనలేదు. ఆ సాయంత్రం మేడ యజమానిని పిలిచి, పైనున్న ఇద్దరినీ దవాఖానలో చూపించమని మాత్రం చెప్పింది.

నిజానికి మామ చూసేది సముద్రం కాదని నాకు తర్వాత తెలిసింది. నాంపల్లిలో మా వలకు కోస్తాలో పడినట్టు వింత వింత పక్షులు పడలేదు. స్టేషన్ చూరుల్లో కాపురముండే బూడిదరంగు పావురాలే పడేవి. మొట్టమొదట పడిన పావురానికి ఎడమ కాలి వేలొకటి వంకర. మామ దాని కాలికి తన చేత్తో కడియం తొడిగి, గుండెకు ఆనించుకుని కాసేపు నిలబడి, వదిలిపెట్టాడు. అది తూర్పుకు ఎగిరిపోయింది, మళ్ళీ రాలేదు. దాని తర్వాత తొడిగినవీ రాలేదు. ప్రతి ఆషాఢంలో పడమటి గాలి విసరగానే కడియం వేసిన పావురాలన్నీ తూర్పుకు పోయేవి, పోయినవి పోయినట్టే. అప్పుడు మామకు ఒక సిద్ధాంతం పుట్టింది. నాంపల్లి పావురాలు ఈదురుగాలికి కోస్తాకు వలస పోతున్నాయట. ఆ సంగతి కోస్తా కేంద్రంలోని పెద్ద సారుకు గొప్పగా రాశాడు కూడా. (పావురం సంగతి ఏమో గానీ, కోస్తాకు పోవాలని ఎవరి మనసు కొట్టుకుంటున్నదో నాకు తెలుసు.)

పెద్ద సారు తిరిగి రాసింది మాత్రం వేరు. మీరు కడియాలు తొడుగుతున్నారు సరే, ఒక్క కడియం కూడా తిరిగి రాలేదు. ఈ గాలికాలం ముగిసే లోపల ఒక్కటైనా వస్తే శాఖ ఉంటుంది, లేకుంటే మూసేయాల్సిందే, నేనే వచ్చి చూస్తాను అని. ఆ కార్డు చదివిన రోజు నుంచి నాకు నిద్ర పట్టలేదు. శాఖ మూస్తే మామకు ముసలితనంలో చేసే పని ఉండదు, నాకు కాజాలు ఉంటాయి. ఒక్క కడియం, ఎక్కడి నుంచైనా సరే, ఎవరి చేతికైనా సరే దొరికి, ఒక్క కార్డు ముక్క వస్తే చాలు. పోస్టాయన సైకిలు గంట వినబడితే నేను నడుముకు తాడు ఉన్న సంగతి కూడా మరిచిపోయి మెట్ల వైపు ఉరికి, సగంలో ఆగి, వెల్లకిలా పడేవాణ్ణి. పోస్టాయన మా మేడ దాటి పోయేవాడు. నేను పడినచోటనే పడుకుని, దేశంలో ఇంతమంది జనం ఉండి ఒక్కరికీ కార్డు రాసేంత సంస్కారం లేదా అని తిట్టుకునేవాణ్ణి.

ఇక ఆ ఎర్ర గుడ్డ సంగతి. గాలి ఎటు వీస్తున్నదో తెలియడానికి డాబా మీద పొడవాటి వెదురు గడకు ఎర్ర గుడ్డ కట్టి ఉంచేవాళ్ళం. చొక్కా చేయిలాగా గుండ్రంగా, పొడుగ్గా మా నాయనే కుట్టి పంపాడు. రాత్రీ పగలూ, ఎండా వానా, అది దించకూడదని నియమం. ఆ ఏడు ఆషాఢంలో ఒక మధ్యాహ్నం, రేకులు లేచిపోయేంత గాలిలో, ఆ గుడ్డ తెగి పటపటమని కొట్టుకుంటూ ఆబిడ్స్ వైపు ఎగిరిపోయింది. మామ నా నడుము తాడు విప్పి, "కేంద్రం సొత్తురా అల్లుడూ, దొరికేదాన్క రాకు," అన్నాడు. ఈదురుగాలిలో ఒక ఎర్ర గుడ్డ కోసం ముఖం పైకెత్తుకుని నాంపల్లి నుంచి ఆబిడ్స్ దాకా పరుగెత్తిన మనిషిని మీరు ఎప్పుడైనా చూశారా? ఒక టాంగావాడు నన్ను కష్టం మీద తప్పించి, నా తాత ముత్తాతలను కూడా తలుచుకున్నాడు. ఆబిడ్స్ గడియారం దగ్గర ఒక పాన్ డబ్బా ముందు ఆగి, ఎర్ర గుడ్డ ఏదైనా చూశావా అని ఆయాసపడుతూ అడిగాను.

పాన్ డబ్బా ఆయన సున్నం రాస్తూ, తల కూడా ఎత్తకుండా, "చిచ్చా డాబా మీద వడ్డది. పో. నీ కోసమే ఎన్నొద్దుల సంది జూస్తున్నడు," అన్నాడు.

నా కోసం ఎవరు చూస్తారు, ఎందుకు చూస్తారు అని ఆలోచించే తీరిక నాకు లేదు. ఆయన చూపించిన సందులోకి పోయి, చీకటి మెట్లు ఎక్కాను. డాబా తలుపు దగ్గరికి రాగానే గాలిలో సన్నగా ఒక గలగల వినిపించింది. తలుపు తోశాను. డాబా నిండా పావురాల గూళ్ళు, వాటిమీద గాలి తగలకుండా కప్పిన గోనెసంచులు. మధ్యలో నులకమంచం మీద, తెల్లగడ్డంతో, లాల్చీ వేసుకున్న పెద్దమనిషి ఒకాయన మా ఎర్ర గుడ్డను నాలుగు మడతలు పెట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన వెనక, పెద్ద గూటి తలుపుకు అడ్డంగా ఒక తోరణం కట్టి ఉంది. గలగలమంటున్నది ఆ తోరణమే. దారానికి వరసగా గుచ్చిన మా సత్తు కడియాలు.

"ఆవో మియా. కూసో. ఇన్నొద్దులకు యాదికొచ్చిన్నా?" అన్నాడు ఆయన, ఆబిడ్స్ అంతా బాబాయి వరసలో చిచ్చా అని పిలిచే పెద్దమనిషి. "జెండా పడిపోయినంక గద, దిగి వచ్చిన్రు."

దేశం నలుమూలల నుంచి ఒక్క కార్డు కోసం ఎదురుచూస్తూ నేను నడుములు విరగ్గొట్టుకుంటుంటే, కడియాలన్నీ ఆబిడ్స్‌లో గూటి తలుపుకు తోరణం. అరిచినంత పని చేశాను.

"దాని మీద చిరునామా ఉన్నది గద. ఒక్క కార్డు ముక్క రాస్తే మీ సొమ్మేం బోయింది?"

"కార్డా?" చిచ్చా మంచం మీది నుంచి లేచాడు. నాకంటే ఆయనకే ఎక్కువ కోపం వచ్చిందని అప్పుడు చూశాను. "నీ పక్షి నా గూట్ల వాలితే నేను నీకు కార్డు రాయాల్నా? ఏడ నేర్సినవ్ గీ తమీజ్, గీ మర్యాద? పక్షి పోయినోడు నడ్సుకుంట రావాలె. 'మా పక్షి మీ గూట్ల వాలింది, అడగనీకొచ్చిన' అనాలె. నేను చాయి తాగిపియ్యాలె, పక్షినియ్యాలె. మా తాతల కాడ్నుంచి గిదే రివాజు. గా తోరణం కట్టుకోని నేను ఎదురు జూస్తనే ఉన్న. ఒక్కడు రాలె. అడగకుంటే, నీకు నీ పక్షి గావాల్నని నాకెట్ల తెలుస్తది?"

తర్వాత ఆయన చెప్పుకుంటూ పోయినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. పావురాలు ఎగరేసే ఉస్తాదులు డాబా మీద గడ కట్టి ఎర్ర గుడ్డ లేపారంటే అది సవాలు. మా గుంపు పైకి లేస్తున్నది, దమ్ముంటే మీ గుంపును కలపండి, ఎవరి పక్షి ఎవరి గూటికి దిగుతుందో చూసుకుందాం అని. సాయంత్రానికి గుడ్డ దించాలి. ఈదురుగాలిలో అసలు లేపనే లేపకూడదు, పక్షుల ప్రాణాలతో ఆట అది. మేము మాత్రం గాలి ఎంత పెద్దదైతే గుడ్డ అంత గట్టిగా ఎగరేశాం.

"శరమున్న ఉస్తాదెవడన్నా గీ గాలిల జెండా లేపుతడా? మేం గూళ్ళ మీద సంచులు గప్పి కూసుంటం. మీరు రాత్రి గూడ దించలే. నాకు నిద్ర లేదు. సరే, ఎసొంటి పక్షులున్నయో సూద్దమంటే, అన్ని జంగ్లీ పావురాలాయె. గాలికి కొట్టుకొచ్చి, ఆకలిగొని నా గూట్ల వడుతున్నయ్. హైదరాబాదుల మీ అసొంటి కంగాళీ ఉస్తాదులను నేను సూడలే."

ఆయన చాయి తెప్పించాడు. నేను తాగను అన్నాను. తాగకుంటే తోరణం ఇవ్వనన్నాడు. తాగాను. అయినా ఇవ్వలేదు. ఉస్తాద్ స్వయంగా వచ్చి అడగాలి, అల్లుణ్ణి పంపితే చెల్లదు అన్నాడు. ఎర్ర గుడ్డ మాత్రం చేతిలో పెట్టాడు.

నేను నాంపల్లికి పరుగెత్తిన పరుగు వేరు. కోపం ఒక పక్కన ఉన్నా, రెండో పక్కన నా ఉద్యోగం నిలబడినట్టే. ఒక్క కడియం అడిగారు, తోరణమే దొరికింది. డాబా ఎక్కి మామకు ఒక్క గుక్కలో అంతా చెప్పేశాను. మామ ముఖం చూడాలి. సంతోషం లేదు, ఆశ్చర్యం లేదు. కోస్తాకు పోయిన పక్షులు ఆబిడ్స్‌లో ఎట్లా ఉంటాయని అడిగాడు. ఆ కడియాలు ఇంకెవరివో అన్నాడు. దొరికినవాళ్ళు కార్డు రాయాలి, అది నియమం, పోయి అడుక్కోవడం నియమాల పుస్తకంలో ఎక్కడా లేదు అన్నాడు. అప్పటిదాకా పెద్దవాడని ఊరుకున్న నాకు తల తిరిగిపోయింది. కొబ్బరినూనె, చీమలు, నడుము తాడు, చాకలి అవ్వ, నీళ్ళ తొట్టి, అన్నీ కలిపి ఏకరువు పెట్టి, సముద్రం లేని ఊళ్ళో సముద్రం చూసే నీలాంటి మనిషికి అల్లుణ్ణి అయినందుకు నా బతుకు బజారున పడిందని, గొంతు పగిలేలా అరిచేశాను.

మామ చెవి వెనక చేయి పెట్టుకుని, "ఏమంటున్నవ్‌రా? గాలికి ఇనబడ్తలేదు," అన్నాడు.

కోపాన్ని రెండోసారి చెప్పడం ఎంత కష్టమో మీకు ఎప్పుడైనా అనుభవమైతేనే తెలుస్తుంది. చీమల దాకా వచ్చేసరికి నాకే నవ్వులాటగా అనిపించింది. మామ మళ్ళీ చెవి వెనక చేయి పెట్టాడు. మూడోసారి నేను అన్నది ఒకటే.

"పోదాం పా మామా. చాయి తాగొద్దాం."

మామ తూర్పు పిట్టగోడ దగ్గరికి నడిచాడు. తర్వాత నా వైపు తిరక్కుండానే అడిగాడు.

"అండ్ల ఎడమ కాలి వేలు వంకరున్నదొకటి కనబడ్డదా?"

నేను చూడలేదు అన్నాను. మామ లోపలికి పోయి, ఆదివారం ప్రార్థనకు వేసుకునే కోటు వేసుకుని వచ్చాడు.

మరునాటిదాకా ఆగలేదు, ఆ సాయంత్రమే పోయాం. ఇద్దరు పెద్దమనుషులు కలుసుకుంటే మర్యాదలు నడుస్తాయనుకున్న నా అమాయకత్వం ఏం చెప్పను. ఎర్ర గుడ్డ సవాలు అని చిచ్చా, గాలి వీచే దిక్కు అని మామ. పక్షిని పెంచేది గూట్లో అని చిచ్చా, పక్షిని వదిలేది ఆకాశంలోకి అని మామ. పక్షులను తోలింది మీ నాంపల్లి గాలి అని ఒకరు, ఆశపెట్టి దింపింది మీరు చల్లే ఆబిడ్స్ జొన్నలు అని ఇంకొకరు. పక్క డాబాల వాళ్ళు పిట్టగోడల మీదికి వంగి చూస్తున్నారు. నేను తలుపు దగ్గర నిలబడి, వీళ్ళిద్దరిలో ఎవరిని ముందు తోసేయాలా అని ఆలోచిస్తున్నాను. అంతలో గాలి కొంచెం తగ్గింది. చిచ్చా మాట మధ్యలో ఆపి, గూళ్ళు తీసి పావురాలను లేపాడు. అవి మా తలల మీద రెండు చుట్లు తిరిగాక, నోట్లో వేళ్ళు పెట్టుకుని ఒక ఈల వేశాడు. పైన తిరుగుతున్న గుంపంతా ఒక్కసారి గాలికి ఎదురు తిరిగి కిందికి దిగింది. తెల్లవి, ఎర్రవి, చుక్కలవి, వాటి మధ్య మా బూడిదరంగు స్టేషన్ పావురాలు. అందులో ఒకటి వచ్చి చిచ్చా భుజం మీద వాలింది. దాని ఎడమ కాలి వేలు వంకర.

మామ దాని వైపు చూశాడు. అది మామ వైపు చూడలేదు. ఇన్నేళ్ళు దుర్భిణి పెట్టి తూర్పున వెతికిన పక్షి, చేయి చాపితే అందేంత దూరంలో ఇంకొకరి భుజం మీద ముక్కుతో రెక్క దువ్వుకుంటున్నది. మామ నోట నియమాల పుస్తకంలో లేని మాటలు వచ్చాయి, అదీ మెల్లగా.

"మా పక్షి మీ గూట్ల వాలింది. అడగనీకొచ్చిన."

చిచ్చా వెంటనే మెత్తబడిపోయాడు. చాయి వచ్చింది, తోరణం వచ్చింది, బుట్ట నిండా మా పావురాలూ వచ్చాయి. (నాంపల్లిలో మేము బుట్ట మూత తీశామో లేదో, అన్నీ లేచి తిన్నగా ఆబిడ్స్‌కు పోయాయి. అది వేరే సంగతి.)

గాలికాలం చివర పెద్ద సారు కోస్తా నుంచి రైల్లో దిగాడు. మామ ఏమీ దాచలేదు. స్టేషన్ నుంచి తిన్నగా చిచ్చా డాబాకే తీసుకుపోయి, తోరణం చూపించి, జరిగింది జరిగినట్టు చెప్పాడు. సారు చాయి తాగి, తోరణాన్ని వేళ్ళతో కదిలించి, చాలా మర్యాదగా అన్నాడు.

"కడియాలు బాగానే తిరిగొచ్చాయండీ. కానీ దూరం లేదండీ."

శాఖ మూతపడింది. ఒక్క కడియం వస్తే చాలన్నారు, తోరణమే ఇస్తే దూరం లేదన్నారు. దూరం కావాలని ముందే చెప్పి ఉంటే, నేనే ఒక పావురాన్ని సంచిలో పెట్టుకుని బస్సెక్కి ఉండేవాణ్ణి కదా. నాకు అంతకంటే మంట ఎక్కడ పుట్టిందంటే, మామకు బాధ లేకపోవడం. డాబా ఖాళీ చేసిన రోజున నియమాల పుస్తకం చాకలి అవ్వకు పొయ్యి రాజేసుకోమని ఇచ్చి, కోటు వేసుకుని ఆబిడ్స్‌కు బయలుదేరాడు. అప్పటినుంచి పొద్దుగూకులూ చిచ్చా డాబా మీదే, ఇద్దరూ ఒకే మంచం మీద కూర్చుని, గాలి గురించి పోట్లాడుకోవడమే. నన్ను మెదక్ బస్సు ఎక్కించడానికి కూడా రాలేదు. ఆ రోజు గాలి అనుకూలంగా ఉందట. "ఫికర్ జేయకురా అల్లుడూ," అని కబురు మాత్రం పంపాడు. వాళ్ళకు స్నేహం దొరికింది, నాకు కాజాలు దొరికాయి.

ఊళ్ళో మా నాయన దుకాణంలో కూర్చుని నేను కుట్టిన కాజాల్లో ఏ గుండీ సరిగా పట్టలేదు. ప్రతి పోగుతోనూ మామను తిట్టాను. పండుగ వచ్చింది, పోయింది, మామ నుంచి ఒక్క కార్డు లేదు. కార్డులు రాయని జనాన్ని తిట్టిన మనిషే ఆయన. మళ్ళీ ఆషాఢం వచ్చింది, దుకాణం తడికలు గాలికి కొట్టుకోవడం మొదలైంది. ఒక పగటిపూట తల ఎత్తి చూస్తే గడపలో సముద్రం మామ. అదే కోటు, బస్సు దుమ్ము, చంకలో చినిగిపోయిన ఎర్ర గుడ్డ. కుట్టించడానికి వచ్చి ఉంటాడని నేను తల దించుకుని కాజా మీద పడ్డాను. పలకరించలేదు. మా నాయన కూడా పలకరించలేదు, ఆయనకూ కోపమే.

మామ గడప బయటే నిలబడి, చెప్పులు విడిచి, ప్రార్థనలో చేతులు కట్టుకున్నట్టు కట్టుకుని అన్నాడు.

"బావా, మా పక్షి మీ గూట్ల వాలింది. అడగనీకొచ్చిన."

మా నాయనకు ఆ రివాజు ఏమిటో తెలియదు. బామ్మర్దికి ఎండ దెబ్బ తగిలిందనుకుని, లోపలికి తిరిగి, "ఏమేవ్, నీ తమ్ముడొచ్చిండు, చాయి పెట్టు," అని కేకేశాడు. నాకు మాత్రం తెలుసు. సూది వేలికి గుచ్చుకుంది. అప్పుడు నా కళ్ళల్లో నీళ్ళు వచ్చింది ఆ సూది వల్లనే అని ఇన్నేళ్ళుగా అందరికీ చెబుతూ వచ్చాను, మీకు కూడా అదే చెబుతున్నాను. చిచ్చా తన ఎరుకలో ఆబిడ్స్‌లో ఒక పుస్తకాల దుకాణంలో నాకు పని చూసిపెట్టాడట. నా పెట్టె సర్దుతుంటే మామ పక్కన నిలబడి, ఆబిడ్స్‌లో గాలి ఎట్లా ఉందో చెబుతూనే ఉన్నాడు. ఇంకొక్క మాట గాలి గురించి అంటే నేను రానన్నాను. అన్నాడు. వెళ్ళాను.

మామ పోయాడు, చిచ్చా పోయాడు, ఆ డాబాల మీద ఇప్పుడు ఆరారు అంతస్తులు లేచాయి. నేను ఖైరతాబాద్‌లో మూడో అంతస్తులో ఉంటున్నాను. పావురాలు వచ్చి బాల్కనీ అంతా పాడు చేస్తాయి. వాటి మీద అరుస్తాను, కానీ ముందు కాళ్ళు చూసి, కడియం లేదని రూఢి చేసుకున్నాకే అరుస్తాను. ఆషాఢం గాలికి మా ఆవిడ ఆరేసిన బట్టలన్నీ గబగబా తీసేస్తుంది. ఒక్క ఎర్ర తువ్వాలును మాత్రం తీయనివ్వను. చీకటి పడ్డా అది అక్కడ కొట్టుకుంటూనే ఉంటుంది. గాలికి ఎగిరిపోతే ఏం చేస్తావని ఆవిడ రోజూ పోట్లాడుతుంది. ఎగిరిపోతే పోయి అడుగుతాను. ఎవరైనా దాన్ని చూసి, తమీజ్ లేని ముసలాడని తిట్టుకుంటూ నా మెట్లెక్కి వస్తే, వాళ్ళ కోసం పొయ్యి మీద చాయి నీళ్ళు సిద్ధంగానే ఉంటాయి.